తాతయ్య మార్కులు

డాక్టరు గారికి నమస్కారం.

సోమవారం మీరు పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షలో మా తాతయ్యకు ముప్పైకి ఇరవై తొమ్మిది మార్కులు వచ్చాయి. వాటిలో కనీసం పది నావి.

తాతయ్యలా గుండె జబ్బు, ఒంట్లో వాపు ఉన్న పెద్దవాళ్లకు మతిమరుపు కూడా రావచ్చని మీరు ముందే అన్నారు. అప్పటినుంచి ఆయనకు భయం పట్టుకుంది. "ఒసేయ్, ఫెయిలైతే నన్ను ఒంటరిగా గడప దాటనివ్వరే. కాస్త అందించు" అని బతిమాలారు. నలభై ఏళ్లు పరీక్షల్లో పిల్లల చీటీలు పట్టుకున్న లెక్కల మాస్టారు!

మీ వెనక కూర్చుని, గుర్తుంచుకోమని మీరు చెప్పిన మాటలు, తేదీ, వారం అన్నీ నా పుస్తకం చివరి ఖాళీ పేజీలో రాసి ఆయనకు చూపించాను. మీరు చటుక్కున తిరిగేసరికి కంగారుగా చదువుతున్నట్టు నటించాను. "ఎంత శ్రద్ధో!" అని మెచ్చుకున్నారు. అప్పుడు పుస్తకం తలకిందులుగా ఉంది. వందలోంచి ఏడేసి తీసివేసే లెక్క మాత్రం తాతయ్య సొంతం.

మార్కులు చూసి, ఇక మెదడు స్కాన్ అక్కర్లేదన్నారు మీరు. నేను పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

నిన్న తాతయ్య నా నెత్తిన మొట్టి, "చూశావటే, ఎవర్నీ ఒక్క ముక్క అడక్కుండా చెప్పాను!" అన్నారు. ఆటపట్టిస్తున్నారేమోనని చాలాసేపు ఆయన ముఖం చూశాను. కన్ను గీటలేదు.

దయచేసి మళ్లీ పరీక్ష పెట్టండి. ఈసారి నన్ను బయట కూర్చోబెట్టండి.

సిగ్గుతో,
మాస్టారి మనవరాలు