డబ్బా వెనక చదవని మాట

అమ్మా,

మొక్కల నర్సరీలో పని నుంచి రాగానే చేతులు కడుక్కుని, పొయ్యి గట్టు మీద సీసాలో ఉన్న నూనె రాసుకో. కొబ్బరినూనెలో కలబంద గుజ్జు వేసి నేనే కాచాను. ముందు మణికట్టు మీద కొంచెం రాసి చూడు, మండితే మానెయ్. నేను కొన్న క్రీము మాత్రం ఇక ముట్టుకోకు.

అది రాస్తే చేతులు మండుతున్నాయని నాకెందుకు చెప్పలేదు? ప్రిస్కిల్లా పిన్ని చెప్తే తెలిసింది. "చదువుకున్న పిల్ల కొంది, మంచిదే అయ్యుంటాది. నా చేతులే మొరటువి" అన్నావట. నిన్న డబ్బా వెనక చదివాను. నాలుగు రకాల సెంట్లు, వాటి కింద ఏదో ఇంగ్లీషు పేరుతో పశువుల కొవ్వు. ఈస్టరు ముందు ఈ శ్రమదినాల్లో నువ్వు గుడ్డు కూడా ముట్టవు. అలాంటి నీ చేత మూడు వారాలు ఆ కొవ్వు రాయించాను. కెమిస్ట్రీ డిగ్రీ చేసి కూడా ఆ ఒక్క మాట చదవలేదు.

ఇదివరకు నువ్వు కాచుకున్న కలబంద నూనెలో ఏముందో నీకు తెలుసు. నా స్నేహితులొస్తున్నారని, వాసనొస్తోందని, ఆ సీసా నేనే కాలవలో పారబోశాను. పిల్లి తన్నేసిందని అబద్ధం చెప్పాను.

ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లక ఇలా రాస్తున్నాను.

వినీల

నూనె అడుగున మాడింది, పైతేట తీసి పోశాను. ఎంతసేపు కాచాలో సాయంత్రం చెప్పు, ఈసారి కాగితం మీద రాసి పెట్టుకుంటాను.