మెడ తిరగొద్దు

4 జులై 2011, సోమవారం

ఇవ్వాళ పొద్దున్నుంచి నేను చెవిటివాణ్ని.

గట్టయ్య పెట్టిన ముహూర్తం ఇది. మా బొగ్గు గని యూనియన్లో మెడికల్ అన్‌ఫిట్ కేసులన్నీ చూసేది అతనే. వర్క్‌షాపులో ఫ్యాన్ల పక్కన ఇరవై తొమ్మిదేండ్లు పనిచేసిన ఫిట్టర్‌కు చెవులు పోయినయంటే ఎవ్వడు కాదంటడు శాంతిరాజన్నా అన్నాడు. కాకపోతే ఈ ముచ్చట నీకూ నాకే తెలువాలె అన్నాడు. నా భార్య రెజీనాకు కూడా చెప్పొద్దా అంటే, ముందు రెజీనక్కకే చెప్పొద్దు, ఇంట్ల చెవిటోనివైతెనే బయట చెవిటోనివైతవు అన్నాడు.

నాకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. కంపెనీ మెడికల్ బోర్డు నన్ను అన్‌ఫిట్ చేస్తే నా బదులు కొడుక్కి ఉద్యోగం వస్తుంది. యిర్మియాకు డిసెంబర్ పన్నెండుతో ముప్పై ఐదు నిండుతాయి. నిండాయంటే ఇక రాదు. పన్నెండేళ్ళుగా బసంత్‌నగర్‌లో కాంట్రాక్టు కూలీగా లారీలకు సిమెంటు బస్తాలు ఎత్తుతున్నాడు. కూర్చుని లేచేటప్పుడు గోడ పట్టుకుంటాడు. నేను యాభై ఆరేళ్ళవాణ్ని, పట్టుకోను.

ఎవరో ఒకరితో చెప్పుకోకపోతే నేను ఉండలేను. అందుకే ఈ నోట్‌బుక్. టూల్‌బాక్సులో ఆకురాళ్ళ కింద పెడతాను. రెజీనా ఆ డబ్బా ముట్టదు.

9 జులై

గట్టయ్య ట్రైనింగ్. యూనియన్ ఆఫీసు వెనక గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, నా వెనక స్టీలు పళ్ళెం బండ మీద పడేశాడు. ఎగిరిపడ్డాను. మళ్ళీ పడేశాడు. మళ్ళీ. రెప్ప కొట్టుకుంటే ఫికర్ లేదట, అది ఎవరి చేతిలోనూ ఉండదట. మెడ మాత్రం తిరగొద్దు అన్నాడు. పదిహేడోసారి తిరగలేదు. సినిమాలకు పోవాల్సినోనివి అన్నా, ఫ్యాన్ల కాడ కరాబైనవు అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

24 జులై, ఆదివారం

చర్చిలో రెజీనా పాటల పుస్తకం మీద వేలు పెట్టి ఒక్కో లైనూ చూపిస్తూ పోయింది. నేను ఊరికే పెదాలు కదిపాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం జగదీశ్వర్ వచ్చాడు. జ్యోతినగర్‌లో ఉంటాడు, పవర్ ప్లాంటులో ఇంజనీరు. ముప్పై ఏళ్ళుంటాయేమో. నేను సార్ అంటాను, అతను నన్ను కాకా అంటాడు. రిమోట్‌తో నడిపే పడవల పిచ్చి అతనికి. గజం పొడుగు పడవ, అందులో పిడికిలంత ఇంజను, వెనక రెండు రెక్కల ఇత్తడి ప్రొపెల్లర్. ఆ రెక్కలు నా బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దవి. నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతాయి. ఒక రెక్క వెంట్రుకంత బరువెక్కువైనా పడవ వణికిపోతుంది, షాఫ్టు పాడవుతుంది. మూడేళ్ళుగా అతని ప్రొపెల్లర్లన్నీ నేనే బ్యాలెన్స్ చేస్తున్నాను. గని ఫ్యాన్లకు చేసే పనే, సైజు చిన్నది.

చెక్క దిమ్మెలో రెండు గడ్డం బ్లేడ్లు నిలబెడతాను. ప్రొపెల్లర్‌ను సన్నటి ఉక్కు పుల్లకు తొడిగి ఆ అంచుల మీద పెడతాను. బరువు రెక్క మెల్లగా కిందికి దిగుతుంది. దాని వీపు మీద ఆకురాయితో రెండు గీతలు గీయాలి, మళ్ళీ పెట్టి చూడాలి. ఎక్కడ వదిలితే అక్కడ ఆగేదాకా ఇదే పని. చివర్లో దారానికి వేలాడదీసి మేకుతో కొడతాను. మంచి ఇత్తడైతే చాలాసేపు మోగుతుంది. లోపల పగులుంటే తట్ మని అక్కడే ఆగిపోతుంది. పగులున్నా బ్యాలెన్స్ కుదురుతుంది, కంటికీ కనపడదు. చెవికే తెలుస్తుంది.

రెజీనా పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. చెవిటివాడు మేకుతో కొట్టి ఏం వింటాడు? ఆమె నీళ్ళకు పోయేదాకా ఆగి మోగించాను. బాగానే ఉంది.

జగదీశ్వర్ పోతూ పోతూ కాగితం మీద రాసి ఇచ్చాడు. ఎట్లయింది కాకా గిట్ల, అని. భుజాలు ఎగరేశాను.

15 ఆగస్టు

యిర్మియా అన్నం తింటూ నా ముందే వాళ్ళమ్మతో అన్నాడు. కొమురెల్లి వాళ్ళ నాయిన పోయిండు, మూడు నెలలల్ల వానికి నౌకరి ఆర్డర్ చేతికొచ్చింది, బోర్డు లేదు ఏం లేదు, మన నాయినకు పోక పోక చెవులే పోయినయి అని. రెజీనా గరిటె తీసుకుని వీపు మీద ఒక్కటేసింది. వాడు కంచంలో చెయ్యి పెట్టుకుని ఏడ్చాడు. ఏం మాట్లాడుతున్ననో నాకే తెలుస్తలేదమ్మా, నడుము పట్టేస్తే రెండు రోజులాయె పనికి పోక అన్నాడు.

నేను ఇంకొంచెం చారు పొయ్యమన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. దానికే భయమేసింది.

12 సెప్టెంబర్

ఇరవయ్యో తారీఖు బోర్డు అని కబురొచ్చింది.

13 సెప్టెంబర్

సమ్మె మొదలు. బోర్డు లేదు.

2 అక్టోబర్

సమ్మె ఇరవయ్యో రోజు. రోడ్ల మీదే వంటలు, డప్పులు. తెలంగాణ కావాలని ఊరు ఊరంతా అరుస్తోంది. నేనూ టెంటులో కూర్చుని అరిచాను. చెవిటివాడు నినాదాన్ని సరిగ్గా అందుకోకూడదు. ముందువాళ్ళ నోళ్ళు చూసి, ఒక్క క్షణం ఆలస్యంగా జై అనాలి. అందరూ ఆపేశాక నా జై ఒక్కటే మిగిలేది. నవ్వారు. నేనూ నవ్వాను.

నాకూ రాష్ట్రం కావాలి, ఒట్టు. కానీ ఈ సమ్మె జల్ది అయిపోవాలని ఆ టెంటులో ప్రార్థన చేసుకున్నది నేనొక్కణ్నే అనుకుంటాను. యిర్మియా పుట్టినరోజు సమ్మెలో లేదు.

18 అక్టోబర్

సమ్మె విరమించారు. నవంబర్ పదిహేను బోర్డు. ఇదే ఆఖరుది.

30 అక్టోబర్, ఆదివారం

జగదీశ్వర్ వచ్చి సంతోషంగా ఒక పేజీ రాశాడు. కంపెనీ దవాఖానలో చెవుల డాక్టరు తన అన్నకు దోస్తట. వచ్చే ఆదివారం పడవలు చూడ్డానికి ఆయన్ని పిలిచాడట. అక్కడ్నే నీ చెవులు చూపిస్త కాకా, మిషన్ పెడితే వినొస్తదేమో అని రాశాడు. ఆ డాక్టరే బోర్డులో కూర్చునేది. ఈ పిల్లగానికి ఎవరు చెప్పారు నా మీద ఇంత ప్రేమ చూపించమని?

గట్టయ్య తల పట్టుకున్నాడు. పోకుంటే అనుమానం, పోతే పరీక్ష అన్నాడు. పో అన్నా, మెడ మాత్రం యాదుంచుకో అన్నాడు.

6 నవంబర్, ఆదివారం, సాయంత్రం 7

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. చేతులు కడుక్కుని కూర్చున్నాను, అయినా గోళ్ళ సందుల్లో రక్తం పోలేదు.

పాత ఓపెన్‌కాస్ట్ గని గుంతలో నిలిచిన నీళ్ళలో పడవలు నడుపుతారు. నాలుగింటికి వెళ్ళాను. జగదీశ్వర్, డాక్టరు, నేను, అంతే. డాక్టరు మంచి మనిషి. టార్చి వేసి నా చెవులు రెండూ చూశాడు. లోపల బానే ఉన్నాయే అన్నాడు జగదీశ్వర్‌తో. నేను పడవ వైపే చూస్తున్నాను.

పోయిన వారం పడవ రాయికి కొట్టుకుందట. ఒక రెక్క వంగితే జగదీశ్వర్ తనే పట్టకారుతో సాపు చేశాడు. ఇప్పుడే బ్యాలెన్స్ చెయ్యి కాకా అని సైగ చేశాడు. వంగి సాపైన రెక్కకు మొదలు దగ్గర పగులు రావచ్చు, నా చేతికింద పనిచేసిన ప్రతివాడికీ నేనే నేర్పిన సంగతి అది. కారు బానెట్ మీద బ్లేడ్ల దిమ్మె పెట్టాను. రెండు గీతలు. మూడు. ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. దారం, మేకు డబ్బాలోనే ఉన్నాయి. డాక్టరు కళ్ళు నా చేతుల మీద ఉన్నాయి. మేకు తీసి మోగించానంటే యిర్మియా నోటికాడి బువ్వ నేనే గుంజుకున్నట్టు. డబ్బా మూత వేసి, ప్రొపెల్లర్ జగదీశ్వర్ చేతిలో పెట్టి, బాగుందని తలూపాను.

ఇది వద్దు సార్, ఇంకోటి వెయ్యి అనొచ్చు కదా. ఇప్పుడు తోస్తోంది. అప్పుడు కూడా తోచిందేమో. పగులు లేదులే అనుకోవడమే సులువనిపించింది.

అతను ఒడ్డుకు పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను నీళ్ళకు వీపు పెట్టి ఆకురాళ్ళు సర్దుతున్నాను. డాక్టరు కారుకు ఆనుకుని నా మొహమే చూస్తున్నాడు. వెనక ఇంజను అందుకుంది. పడవను నీళ్ళలోంచి పైకెత్తి రేస్ చేస్తున్నాడని కూతలోనే తెలిసింది. ఆ కూత కింద చిన్నగా టకటక. రెక్క ఊగుతోంది. ఎంతసేపు విన్నాను? మూడు సెకన్లు. నాలుగేమో. సార్ ఆపు అనడానికి అర సెకను చాలు.

మెడ తిరగలేదు.

టప్ మంది. తర్వాత అతని అరుపు. డాక్టరు ఉలిక్కిపడి నన్ను తోసుకుంటూ పరుగెత్తాడు. అతను పరుగెత్తడం చూశాకే నేను తిరిగాను. అంత జాగ్రత్తగా ఉన్నాను, నా పాడుగాను.

ఎడమ కన్ను. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. కాకా, కాకా అని పిలుస్తున్నాడు. డాక్టర్ని కాదు, నన్ను.

9 నవంబర్

హైదరాబాద్ తీసుకుపోయారు. కన్ను తీసేశారట.

11 నవంబర్

గట్టయ్య వచ్చాడు. అంత పెద్ద చప్పుడుకు ఆ మనిషి మెదల్లేదు, పాపం రెండు చెవులూ పూర్తిగా పోయాయి అని డాక్టరు దవాఖానలో అందరితో అంటున్నాడట. ఇగ నీకు పరీక్షే లేదన్నా అని నా భుజం మీద చెయ్యేశాడు. తియ్యి గట్టయ్యా ఆ చెయ్యి అన్నాను. అతనికి ఏమీ అర్థం కాలేదు. చాయ్ కూడా తాగకుండా పోయాడు.

15 నవంబర్

నిజం చెబుదామనే బోర్డుకు పోయాను. దేవుడి తోడు, చెబుదామనే. పద్దెనిమిది మెట్లెక్కేదాకా చెబుతాననే అనుకున్నాను. డాక్టరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ చూపించాడు. మిగతావాళ్ళకు ఆ రోజు జరిగింది చెప్పి, ఏ మిషనూ పెట్టి పరీక్షించకుండానే అన్‌ఫిట్ అని రాసేశాడు. తలుపు సందులోంచి యిర్మియా కనపడుతున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బెంచీ మీద నడుము నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. నొప్పి ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదని.

సంతకం పెట్టి వచ్చేశాను.

2 డిసెంబర్

ఆర్డర్ వచ్చింది. పది రోజులు మిగిలుండగా.

యిర్మియా నా కాళ్ళ మీద పడి లేవలేదు. రెజీనా ఆ కాగితం బైబిల్లో పెట్టి పైకే ప్రార్థన చేసింది. ఆయన చెవులు తీస్కొని నా కొడుక్కు బతుకిచ్చినవు ప్రభువా, నీకు స్తోత్రం అని. నాకు వినపడదు కదా, ఆమె కళ్ళు తెరిచేదాకా ఆగి ఆమెన్ అన్నాను.

జగదీశ్వర్‌కు ఉత్తరం రాశాను. చింపేశాను. మళ్ళీ రాశాను. రేపు పోస్టు చేస్తాను.

3 డిసెంబర్

చేయలేదు.

22 జనవరి 2012, ఆదివారం

జగదీశ్వర్ ఇంటికొచ్చాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆపిల్ పళ్ళు తెచ్చాడు. నా పక్కనే కూర్చుని రెజీనాతో అన్నాడు, కాకకు చెవులు మంచిగుంటే ఆ చప్పుడు ముందే పట్టేటోడు చిన్నమ్మా, నా కన్ను దక్కేది, ఆయన తప్పేం లేదు, మనసుల పెట్టుకోవద్దని చెప్పు అని.

ఏమంటున్నడు అని రెజీనాను అడిగాను.

ఆమె నా చెవికి నోరు ఆనించి అరిచింది, మంచిగున్నవా అని అడుగుతున్నడు అని.

మంచిగున్న సార్ అన్నాను.