లింకు గడువు

అక్కా,

ఫోన్లో చెబితే నవ్వుతావని ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ బావా కులాసా అని తలుస్తాను.

"ఆఫీసులో ఏం చేస్తావే?" అని నువ్వడిగినప్పుడల్లా మాట దాటేశాను. ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లల బరువులు మా కంప్యూటర్లకు వస్తాయి. వాటిలో ఏవి నమ్మవచ్చో, ఎక్కడి తూకం యంత్రం తేడాగా ఉందో వివరంగా రాసి క్లౌడ్‌లో దాచడం నా పని. అది అందరికీ కనిపించదు. అడిగినవాళ్ళెవరో విచారించి, వాళ్ళకు మాత్రమే లింకు ఇవ్వాలి. పక్క సీటావిడ మానేశాక గదిలో నేనొక్కదాన్నే. రాసిందంతా అడవి గాచిన వెన్నెలే, ఇన్నాళ్ళూ ఒక్కరూ అడగలేదు.

మొన్న ఒక పిల్లల డాక్టరమ్మ అడిగింది. లింకు పంపిన గంటకే ఫోన్ చేసింది.

"మేడం, మా యంత్రం పావుకిలో తక్కువ చూపిస్తోందని రాశారు కదా! అది చూడకపోతే ఈ పసివాణ్ణి బరువు తక్కువని తల్లి దగ్గర్నుంచి తీసి వేరే వార్డులో పెట్టేసేవాళ్ళం. ఇప్పుడు హాయిగా తల్లి ఒళ్ళో ఉన్నాడు."

ఆ వెనక పిల్లాడి ఏడుపు వినిపించింది. ఎంతో అడగాలనిపించింది కానీ "మంచిదండీ" అని మాత్రమే అనగలిగాను.

"ఈ లింకు ఎన్నాళ్ళు పనిచేస్తుందండీ?" అంది.

"వారమేనండీ. తర్వాత మళ్ళీ నాకు ఫోన్ చెయ్యాలి."

ఆమె పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను.

బావకు చెప్పకక్కా. రూలు ప్రకారం ఏడాది దాకా ఇవ్వొచ్చు.

నీ చెల్లెలు