మీసం వల్ల వచ్చిన జబ్బు కాదట

బిడ్డా మల్లేశూ,

మొన్న సదర్ పండుగకు మన దున్నపోతును మీ తమ్ముడు యాదగిరి ఆడించాడు. నీ అంత మనిషి కాదు కదా, దాని కొమ్ముల వెనక కనబడనే లేదు.

నిన్ను తీసుకుపోయిన ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నదమ్ములకూ రావచ్చని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. వాడు పరీక్షకు రానంటే రానన్నాడు.

"అన్న లెక్క నాకు మీసాలా, కండలా? మగ హార్మోన్ మస్తుగుంటెనే గది వస్తదంట. నాకేడిదే అమ్మా, ఫికర్ జెయ్యకు!"

మన గౌలిపుర బస్తీలో అందరిదీ అదే మాట. నేను కూడా, కండ పట్టాలని నీకు పోసిన బర్రె పాలనే తిట్టుకున్నాను.

చివరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. వాడి మాట విని డాక్టరమ్మ నవ్వింది.

"అట్ల కాదన్నా. రక్తంల గా హార్మోన్ ఎక్కువున్నోళ్లకే వస్తదని లేదు, తక్కువున్నోళ్లకూ వస్తది. జబ్బు వచ్చినంక గడ్డ దాంతోని పెరుగుతది. అందుకే సూదులేసి గా హార్మోన్‌ను తగ్గిస్తం."

వాడు రక్తం ఇవ్వడానికి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఇవాళ రిపోర్టు వచ్చింది. బాగానే ఉందట.

ఆ సూదులకు నీ మీసం పలచబడితే ముఖానికి తువ్వాల కప్పుకున్నావు. తాలీంలో నీతో కుస్తీ పట్టిన దోస్తులు వస్తే నిద్రపోయినట్టు పడుకున్నావు. నీ మగతనమే నిన్ను తిన్నదనుకుని, సదర్‌లో మీసం దువ్విన ఫోటోను దాచేయమన్నావు.

కాదట బిడ్డా.

ఆ ఫోటోను ఇవాళ ముందు గదిలో పెట్టాను. దండను కొంచెం కిందికి జరిపాను, మీసానికి అడ్డం రాకుండా.

మీ అమ్మ