నువ్వు పంపిన ఫోటో

జనగామ,
20 నవంబర్ 2025, గురువారం.

చెల్లె ప్రియకు,

వెన్నెలక్క నమస్తే చెప్పి రాస్తున్నది. నువ్వు, తండాల మీ అమ్మ, నాయిన అందరు మంచిగున్నరని అనుకుంట. మేం కూడ మంచిగున్నమని రాస్తే అబద్ధమైతది. అందుకే ఆ ముక్క రాస్తలేను.

ఈ కాలంల ఉత్తరమేందని నవ్వకు. నువ్వు నా నంబరు బ్లాక్ చేసినవు. వేరే నంబరుతోని చేస్తే నా గొంతు వినంగనే పెట్టేసినవు. అప్పట్ల నా దగ్గర అదృష్టం రాళ్ల దండ తెప్పించుకున్నప్పుడు నువ్విచ్చిన, నువ్వు పనిచేసే భూపాలపల్లి దవాఖాన అడ్రసు ఉండె, దానికే పంపుతున్న. కోపంతోని చింపెయ్యకు. పేషెంట్ల నడుమ నిలబడి కాకుండ, ఎక్కడన్న కూసొని చదువు.

నువ్వు నా చేతులు తప్ప మొకం చూడలే. వీడియోలల్ల అందరికీ నా చేతులు, కార్డులే కనపడ్తయి. వెన్నెల అనేది యూట్యూబ్ చానెల్ కోసం పెట్టుకున్న పేరు. నా అసలు పేరు వసంత. జనగామల బ్లౌజులు కుడత. కరోనా అప్పుడు కుట్టుపని లేక, ఫోన్ల చూసుకుంట ఈ టారో కార్డులతోని జోస్యం చెప్పుడు నేర్చుకున్న. మన మాటల్ల చెప్తదని ఆడపిల్లలు ఇష్టపడ్డరు. నా పిలగాడు నిజంగ ప్రేమిస్తున్నడా, నా మొగని మనసుల ఎవరున్నరు అని అడిగేటోళ్లే ఎక్కువ. అందరికీ చెప్పిన. మా ఇంటాయన కోసం ఒక్కనాడు కూడ తీసి చూసుకోలే. అవసరం ఏమున్నది అనుకున్న.

మొన్న శుక్రవారం నువ్వు తిండి టైంకు ఫోన్ చేసినవు. మీ నాయిన భీమ్లా తెచ్చిన సంబంధం కాదన్నవని, రవి అనే ఆయనతోని వచ్చే నెల గుడిల పెండ్లి పెట్టుకున్నవని, పని కూడ ఇడిసిపెడ్తున్నవని చెప్పినవు. రవికి ముందు ఎన్కా ఎవ్వరు లేరు, తల్లి ఎప్పుడో సచ్చిపోయింది, ఒక్కడే రూంల వండుకొని తింటడు అని చెప్పుకుంట నీ గొంతు కరిగిపోయింది. కాని ఆదివారమొస్తే ఫోన్ ఎత్తడు, ఆయన మనసు నిజమేనా జర చూడక్కా అన్నవు.

ఆయన ఫోటో పంపుమన్న. అది వచ్చేలోపట, నీకు వీడియో కాల్‌ల కనపడేటట్టు కార్డులు పరిచిన. ఎంత మంచి కార్డులు పడ్డయి ప్రియా! ప్రేమికుల కార్డు. సూర్యుని కార్డు. చెరొక గిన్నె పట్టుకొని ఎదురెదురుగ నిలబడ్డ ఆడ మగ కార్డు. నాకే ముచ్చటేసింది. నీ అంత అదృష్టవంతురాలు లేదు పిల్లా అందామని నోరు తెరిసిన. అప్పుడే ఫోటో తెరుసుకున్నది.

చెల్లె, ఆ ఫోటోల ఉన్నది నా మొగడు.

పేరు రవి కాదు, యుగేందర్. ఆ గళ్ల అంగి నేను కొన్నదే. ఎన్కా కనపడే ఆకుపచ్చ గేటు మా ఇంటిది. ఆ ఫోటో తీసింది నేనే. మల్లొకసారి సక్కగ చూడు. ఆయన మోచెయ్యి కాడ చిన్న చిన్న వేళ్లు కనపడ్తయి. పక్కన మా బిడ్డ నిలబడి ఉండె. గురుకులంల ఏడో తరగతి చదువుతది. నీకు పంపేటప్పుడు బిడ్డను కోసేసిండు. వేళ్లు మాత్రం మిగిలిపోయినయి.

నా పాణం ఎటు పోయిందో తెల్వది. ఈయనను చేసుకోకు, ఈయనకు పెండ్లాం ఉన్నది, వచ్చేయ్, ఆ ఊరు ఇడిసిపెట్టి వచ్చేయ్ అని ఒర్లిన. నా మొగడు అనే మాట మాత్రం నోట్లె నుంచి రాలే. నువ్వు బిత్తరపోయినవు. కార్డులు నాకు కూడ కనపడ్తున్నయి గదా అక్కా, ఇంత మంచి కార్డులు పెట్టుకొని గిట్ల ఎట్ల చెప్తవు, శాంతి పూజ చేపియ్యాలెనని భయపెడ్తున్నవా అని తిట్టి పెట్టేసినవు. నీ తప్పేం లేదు. కార్డులు చూసి మనిషిని నమ్మొచ్చని నీకు నేర్పింది నేనే.

ఆయన ఇన్వర్టర్ల సర్వీసు పని మీద భూపాలపల్లి, మహబూబాబాద్ తిరుగుతడు. శనివారం ఇంటికొచ్చి సోమవారం పోతడు. నువ్వు ఫోన్ చేసిన తెల్లారే వచ్చిండు. ఎప్పటి లెక్కనే కాళ్లు కడుక్కొని కూసున్నడు. మా అత్త గట్టమ్మ పక్కనే కూసొని బియ్యం ఏరుతున్నది. నేను బువ్వ పెట్టి, ప్రియ ఎవరు అని అడిగిన.

మొదట నవ్విండు. ఏ ప్రియ అన్నడు. ఫోన్ల ఫోటో చూపెట్టిన. అదొక పిచ్చి పిల్ల, దవాఖానల బ్యాటరీలు మార్చేటప్పుడు ఎంటపడ్డది, నేనే తప్పించుకొని తిరుగుతున్న అన్నడు. గుడి, తారీఖు, నువ్వు చెప్పినయన్ని చెప్పిన. అప్పుడు తల ఒంచుకుంటడనుకున్న. ఒంచుకోలే. బుక్క మింగి, దునియాకు చెప్తవు గదా, నేనెవల్ని ప్రేమిస్తున్ననో నీ కార్డులనే అడుగు అన్నడు. గంత సల్లగ అన్నడు చెల్లె. ఇన్నేండ్లు ఎవలితోని కాపురం చేసిన్నో నాకు సమజ్ కాలే. ఏడుపు రాలే, కోపం రాలే. గోడకు ఒరిగి నిలబడ్డ.

మా అత్త ఏమంటదోనని ఆమె దిక్కు చూసిన. మొగపిలగాడు, తిరిగొస్తడులే అంటదనే అనుకున్న. ఎప్పుడు కొడుకు మాటే ఆమెకు మాట. ఆమె కూడ, ఆ పిల్లకు నాలుగు మాటలు చెప్పి పంపియ్యరాదు, లొల్లి ఎందుకు అని మొదలువెట్టింది. ఒక్కటే చెప్పిన. అత్తమ్మా, నువ్వు సచ్చిపోయినవని చెప్పిండు ఆ పిల్లకు, ఆ పిల్ల జాలిపడి వండిచ్చిన టిఫిన్లు ఇన్నాళ్లు తిన్నడు అన్న.

ఆమె చెయ్యి ఆగిపోయింది. నిజమేనా బిడ్డా అని కొడుకును అడిగింది. ఆయన బువ్వ కలుపుకుంటనే ఉన్నడు. మల్ల అడిగింది. ఏదో మాటల మీద అన్న, అంత పట్టించుకుంటవేందవ్వా అన్నడు. మా అత్త లేసి ఆయన ముందలున్న కంచం తీసింది. సచ్చినామె ఇంట్ల బువ్వ తినొద్దు, లే అన్నది. ఆయన నవ్వబోయిండు. లే అని ఇంకోసారన్నది. గొంతు పెద్దగ చెయ్యలే. ఆయన చెయ్యి కూడ కడుక్కోకుండ బండి తీసుకొని పోయిండు. ఆమె తలుపు ఏసి, ఆ బియ్యం కాడనే కూసొని, నేను బతికే ఉన్న గద వసంతా అని నన్నడిగింది. అప్పుడు ఏడ్సిన, ఇద్దరం.

ఆయన మల్ల రాలే. నీ దగ్గరికే వచ్చి ఇంకో కథ చెప్పిండేమోనని నాకు పరేషాన్ ఉన్నది. నువ్వు ఫోన్ ఎత్తకపోతివి. అందుకని నిన్న ఒక వీడియో పెట్టిన. కార్డులు లేవు. మొదటిసారి నా మొకం చూపిచ్చిన. పేరు చెప్పకుండ, ఈయన ఆడోళ్లకు ఏమేం చెప్తడో అదే చెప్పిన. తల్లి లేదంటడు, ఆదివారం ఫోన్ ఎత్తడు, నీ చేతి బువ్వ తిన్నంకనే నాకు ఇల్లంటే ఏందో తెలిసింది అంటడు. ఆ మాట నాకు పెండ్లైన కొత్తల అన్నడు, నీకు కూడ అన్నడని నువ్వే ముచ్చటగ చెప్పినవు. నువ్వు చూస్తవని పెట్టిన. చూసినవో లేదో తెల్వది.

నా మాట నమ్మాలెనని అడుగుతలేను. బస్సెక్కి జనగామ రా. మీ నాయినను తోడు తెచ్చుకో. మా అత్తను చూడు, ఆమెతోని మాట్లాడు. మా ఇంట్ల నిన్ను ఎవ్వరు ఒక్క మాట అనరు. నువ్వు కూడ మోసపోయిన ఆడబిడ్డవే అని మా అత్తే ఈ ఉత్తరం రాయమన్నది. అప్పటిదాక పనికి రాజీనామా ఇయ్యకు, ఆయన రమ్మన్న కాడికి పోకు. పైలం.

నీ మంచి కోరే అక్క,
వసంత

తా.క.: ఉత్తరం పోస్టుల ఏద్దామని చెప్పులేసుకున్న, ఫోన్ మోగింది. నువ్వే అనుకొని ఉరికి ఎత్తిన. నువ్వు కాదు. మహబూబాబాద్ నుంచి గీతాంజలి అనే ఆమె. బడిల పంతులమ్మనట. అక్కా, నీ వీడియో చూసిన, మా వెంకటేశ్ కూడ అచ్చం గదే మాట అన్నడు, ఆయన కాదని ఒక్కసారి కార్డులు తీసి చెప్పు అని ఫోటో పంపింది. ఆయనే, ప్రియా. మెడల పూలదండ ఉన్నది. పక్కన ఆమె మెడల పుస్తెలున్నయి. పోయిన ఎండాకాలం పెండ్లైందట, ఇప్పుడు ఐదో నెలట. అక్కా, ఉన్నవా, కార్డులు ఏమంటున్నయి అని అడుగుతనే ఉన్నది. అడ్రసు అడుక్కొని, రేపు నేనే మీ ఇంటికొస్తున్న అని చెప్పి పెట్టేసిన. ఆ మాట ఫోన్ల చెప్పేది కాదు, ఆమె చెయ్యి పట్టుకొని చెప్పాలె. రేపు పొద్దున మా అత్త, నేను రైలెక్కుతున్నం. నీకు ఈ ఉత్తరం అందేసరికి ఆమెకు తెలిసిపోతది. నువ్వు జనగామ రాకు చెల్లె, మహబూబాబాద్‌కే రా, ఆమె అడ్రసు ఈ కాయితం ఎన్కా రాసిన. మేం ఆమె దగ్గరనే ఉంటం.