నీలం పొగ, చర్చి ముందు నేల

నాన్నకు ఆనంద్ వందనాలు. ఫోనులో నీకు సరిగా వినపడదు కాబట్టి ఈ కార్డు. లారీ అమ్మడం లేదు, కంగారుపడకు.

నెల రోజులుగా ఒక రోజు నీలం పొగ కక్కేది, రెండు రోజులు శుభ్రంగా నడిచేది. మేస్త్రి చూసి, "రింగులు పోయాయి, ఇంజన్ దింపాలి. ఈ మామిడి సీజన్ మర్చిపోండి" అన్నాడు. అసలు సంగతి పట్టింది నీ కోడలు హన్నా. "రెడ్డిగూడెం తోట నుంచి వచ్చిన మర్నాడే పొగ వస్తోందండీ. మైలవరం వెళ్తే రావట్లేదు" అంది. ఆ తోటలో నేల ఏటవాలు. లోడు ఎత్తేదాకా నాకు ఖాళీయే కదా అని అక్కడే ఆయిల్ గేజు చూసేవాణ్ణి. వాలు వల్ల అది తక్కువ చూపిస్తే, నిజమే అనుకుని ప్రతిసారీ లీటరు పోసేవాణ్ణి. ఆ ఎక్కువైన ఆయిలే కాలి పొగైంది. తీసేశాం, పొగ పోయింది.

నువ్వు ప్రతి ఆదివారం చర్చి ముందు లారీ ఆపి బానెట్ ఎత్తేవాడివి. లారీకి ప్రార్థన చేయిస్తున్నావనుకునేవాణ్ణి. మన ఊళ్లో చదునైన సిమెంటు నేల అదొక్కటేనని ఇప్పుడు తెలిసింది.

మోకాలి నొప్పి తగ్గిందా? సుసన్నక్కకి రెండు బుట్టలు చిన్న రసాలు పంపాను, వరిగడ్డిలోనే మాగనివ్వమను. పెద్ద జాకీ ఎక్కడ పెట్టావో రాయి. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

మొన్న ఆదివారం నేనూ అక్కడే ఆపాను. గేజు తుడిచి వెళ్లిపోబోతుంటే పాస్టరుగారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. నీ భక్తీ ఇలాగే మొదలైందా నాన్నా?

ఆనంద్