అరువు తెచ్చిన తొమ్మిది మంది

చిరంజీవి మల్లీశ్వరికి,

తాత మారెప్ప దీవించి రాస్తున్న జాబు. ఇక్కడ నేను, మీ అవ్వ నల్లమ్మ, నలభై మూడు గొర్రెలు కులాసా. వాన మాత్రం ఎక్కడ తిరుగుతోందో తెలియదు. హైదరాబాదులో నువ్వు వేళకు తింటున్నావా అని మీ అవ్వ రోజూ నన్నే అడుగుతుంది, నేనేదో నీ హాస్టల్ వంటవాణ్ణయినట్టు.

ఫోనుండగా జాబెందుకంటావా? ఫోనులో నువ్వు నా మాటను సగంలో తుంచేస్తావు. కాగితం మీద ఆ ఆట సాగదు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. వేరుశనగ సగం మొలిచింది, మొలిచిన సగం ఎండుతోంది. నా మోకాలు నాకంటే ముసలిదయింది. ఇక మూడోది, మన జిల్లాలో నలభై బళ్లలో పిల్లల చదువు మీద మీరు చేసిన సర్వేను ఏ పద్ధతిలో లెక్కకట్టాలన్నది. సర్వే నడిపే మీ సారు పిల్లలందరినీ ఒక్క కుప్పగా పోసి, తల్లి చదువు, ఇంటి భాష చూసి మార్కులు తేల్చమంటున్నాడు. నువ్వేమో పిల్లలు తరగతిలో, తరగతి బడిలో, బడి మండలంలో ఉంటాయి కాబట్టి ఏ మెట్టులో ఎంత తేడా ఉందో విడదీసే నమూనా కావాలంటున్నావు. "పక్కపక్క ఊళ్ల బళ్లకే మార్కుల్లో తేడా లేదు, ఇంక మెట్లెందుకు?" అని ఆయన మన ఊరి బడినే సాక్ష్యం చూపించాడట. సోమవారానికి ఒప్పుకుని సంతకం పెట్టకపోతే రిపోర్టులో నీ పేరుండదన్నాడట. బడి ఏదైనా ఒకటేనని ఆ రిపోర్టు చెబితే, మన బడిలాంటి చిన్న బళ్లను పెద్దవాటిలో కలిపేయడానికి ఆ ఒక్క మాట చాలు. "ఏం చేయమంటావు తాతా?" అన్నావు.

సంతకం పెట్టొద్దు.

నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. గుంతకల్లు స్టేషనులో రైలు కోసం కూర్చుని, బోర్డు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. మొదట నేర్చింది 'గుం'. ప్రతి అక్షరానికీ పక్కన సున్నా ఉంటుందని చాన్నాళ్లు నమ్మాను. ఆ కథ నీకు వందసార్లు చెప్పాను, వదిలేద్దాం. గొర్రెల సంగతి విను. ఒక మందలో ముప్పై గొర్రెలకు గాలికుంటు తగిలితే అవి ముప్పై వార్తలు కావు, ఒక్క వార్తే. తాగిన నీళ్లు ఒకటే, పడుకున్న నేల ఒకటే, కాసిన వెర్రివాడూ ఒకడే. ముప్పై వార్తలని ఎంచుకున్నవాడికి లేని ధైర్యం వస్తుంది. ఒకే టీచరు ముందు కూర్చున్న పిల్లలూ అంతే. మీరు ముందు బళ్లను ఎంచుకునే కదా పిల్లల దగ్గరకు పోయారు? మరి లెక్క దగ్గరికొచ్చేసరికి మీ సారు బడిని ఎట్లా మింగేస్తాడు?

ఇంతవరకూ ఆయన తప్పు. ఇక నా తప్పు.

మీ జట్టులోని నరేంద్ర మన బడికొచ్చిన రోజు రిజిస్టరులో ముప్పై పేర్లుంటే, బెంచీల మీద ఇరవై ఒక్కరే ఉన్నారు. తొమ్మిది మంది అమ్మానాన్నలతో బెంగుళూరు కూలికి పోయారు. నేను బడి కమిటీ ఛైర్మన్ని. నా మనవరాలి సర్వేలో నా బడి బోసిగా కనబడితే ఎట్లా? మన పద్ధతి నీకు తెలుసు. ఎరువు కోసం రైతు చేలో మంద కట్టేటప్పుడు, ఒప్పుకున్నన్ని గొర్రెలు లేకపోతే పక్కవాడివి కలుపుకుంటాం. పని కాగానే ఎవరివి వాళ్లకు. నా బుర్రకు అదే తోచింది. ఆటో ఎక్కి పక్కూరి బడి ఛైర్మన్ కుళ్ళాయప్ప దగ్గరకు పోయాను.

"ఏమప్పా, తొమ్మిది మంది పిల్లోళ్లను ఈ పూటకు పంపీ."

"పిల్లోళ్లనా, పొట్టేళ్లనా నువ్వు అడుగుతాండేది?"

"పేరు అడిగితే చెప్పాల. పొట్టేళ్లు చెప్పవు కదా."

"రేపు మా బడికీ వస్తాండారు సర్వేవాళ్లు. సాయంత్రానికి తోలకపోతే నీ గడ్డం పట్టుకోను, మీసమే పట్టుకుంటా."

మన టీచరు ప్రశాంతి మేడం గుంతకల్లు రైల్వేవాళ్ల బిడ్డ, ఆమెకు మాట మెత్తగా రాదు. "మారెప్పన్నా, వీళ్లు మన పిల్లోళ్లు కాదు. నేను ఒప్పుకోను" అనింది. "నువ్వుండమ్మా, నేను చూసుకుంటా" అని పోయినవాళ్ల పేర్లు వచ్చినవాళ్లకు తగిలించాను. నరేంద్రకు ముఖాలు తెలియవు.

"ముప్పై మందీ ఉండారా పెద్దాయనా?"

"ఉండారు సామీ, ఎంచుకో."

ఎంచుకున్నాడు, పరీక్ష పెట్టి పోయాడు. మరునాడు ఆ తొమ్మిది మందే వాళ్ల బడిలో, మీ జట్టులో వేరొకరి ముందు, వాళ్ల సొంత పేర్లతో మళ్లీ పరీక్ష రాశారు. రెండు బళ్లకు తేడా ఎందుకు కనబడలేదో అర్థమైందా? మీ సారు చూపించే సాక్ష్యం నా పనితనం.

నువ్వు ఫోనులో అడిగిన మరునాడే బడికి పోయి, మేడం ముందు నేను చేసిందీ, ఆ తొమ్మిది పేర్లూ కాగితం మీద పెట్టాను.

"ఇన్నాళ్లకా?" అనింది.

"ఇన్నాళ్లకే."

"నీ ఛైర్మన్‌గిరీ పోతాది, అన్నా."

"పోనీమ్మా. గొర్రెలైతే నన్ను పనిలోంచి తీసేయవు కదా."

నవ్వలేదు. సాక్షి సంతకం మాత్రం పెట్టింది. ఆ కాగితం ఈ జాబుతోనే ఉంది.

మన బడిలోంచి ఆ తొమ్మిది జవాబులూ తీసేయి. బెంగుళూరు పోయినవాళ్లను పోయినవాళ్లుగానే రాయి, వాళ్లెందుకు లేరో అడిగేవాడు అడుగుతాడు. మిగతా బళ్లలో ఏ మారెప్పలు ఉన్నారో అదీ విచారించు. మెట్లు పెట్టి మళ్లీ లెక్కకట్టు. తేడా వస్తే వస్తుంది, రాకపోతే రాదు. కావలసినట్టు కనబడేలా సర్దడం నేను చేసిన పని, నువ్వు చేయొద్దు. సారు నీ పేరు కొట్టేస్తానంటే కొట్టేయనీ. అబద్ధం కింద పేరుండటం కంటే అదే నయం.

ఒక్క భయముంది నాకు. తాత పరువు పోతుందని, ఆ జవాబులు ఎందుకు తీసేశావో రాసే చోట "స్థానిక కారణాల వల్ల" అని మెత్తగా రాస్తావు, నాకు తెలుసు. అట్లా రాయొద్దు. "బడి కమిటీ ఛైర్మన్ మారెప్ప పక్కూరి పిల్లలను తెచ్చి కూర్చోబెట్టాడు" అనే రాయి. ఎవరైనా గద్దిస్తే నా ఫోను నంబరివ్వు, నేను మాట్లాడతాను. ఆ లెక్కలో నేను నీకు తాతను కాను.

ఈ జాబులో మాత్రమే,

ఇట్లు,
నీ తాత
మారెప్ప